బస్టాండు దాకా వచ్చేవాడు



ఉదయగిరి బస్టాండులో రాత్రిపూట దూరపు బస్సు ఎక్కేవాళ్ళను ఎప్పుడైనా కాసేపు గమనించండి. సాగనంపడానికి వచ్చినవాళ్ళలో ఇంటివాళ్ళు తక్కువ. బొట్టు పెట్టడం, శకునం చూడడం, దేవుడి పటానికి దండం పెట్టించడం, కళ్ళు తుడుచుకోవడం అన్నీ గడప దగ్గరే అయిపోయి ఉంటాయి. బస్టాండు దాకా వచ్చేవాడు స్నేహితుడు. మనిషిని బండి వెనక కూర్చోబెట్టుకుని, సంచి ముందు పెట్టుకుని తీసుకొస్తాడు. బస్సు రాలేదంటే ఇద్దరూ టీ తాగుతారు. పెద్దగా మాటలుండవు. "కిటికీ పక్క సీటేనా?" "ఆ." "చిల్లరుందా?" "ఉండాది." బస్సు వస్తుంది, సంచి పైకి అందిస్తాడు. డ్రైవరు గేరు వేసేలోపే ఇతను బండి ఇంటివైపు తిప్పేసి ఉంటాడు.

ఇంటివాళ్ళ దగ్గర సెలవు తీసుకోవడానికి మనకు పద్ధతులున్నాయి. ఆడపిల్ల అత్తారింటికి పోతే అప్పగింతలున్నాయి. పోయినవాళ్ళను మళ్ళీ ఊరికి రప్పించడానికి పెళ్ళిళ్ళున్నాయి, పెద్దల తద్దినాలున్నాయి, తిరునాళ్ళున్నాయి. రాకపోతే నిలదీసే హక్కు మేనమామకుంది, పెద్దత్తకుంది. స్నేహితుడికి ఇవేవీ లేవు. పొయ్యేవాడిని పోనివ్వాలి, వస్తే చూడాలి, అంతే. అందుకే ఊళ్ళు తిరిగే బతుకులో ముందుగా పలచబడేది స్నేహమే. ఎవరూ కావాలని తెంచుకోరు. ఈ సంక్రాంతికి కుదరదు, వచ్చే సంక్రాంతికి సెలవు దొరకదు, ఆ తర్వాత ఫోన్ నంబరు మారుతుంది. మరి కొన్ని స్నేహాలు ఇన్ని ప్రయాణాలను తట్టుకుని ఎట్లా నిలిచాయి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. బ్యాంకు ఉద్యోగంలో ఊరూరూ బదిలీ మీద తిరిగినవాణ్ణి కనుక ఇది నా సొంత గొడవ కూడా.

నెల్లూరు అనగానే బయటివాళ్ళకు మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు గుర్తొస్తాయి. అది తూర్పు నెల్లూరు, పెన్న మీది ఆనకట్టల కింద కాలవలు పారే నేల. ఆత్మకూరు దాటి పడమటికి, మర్రిపాడు, ఉదయగిరి, సీతారామపురం వైపు పోయేకొద్దీ వెలిగొండలు దగ్గరవుతాయి, బోర్లు లోతవుతాయి. దీన్ని మేం మెట్ట అంటాం. ఈశాన్య రుతుపవనాలు నాలుగు వానలు కురిపిస్తే పంట, లేకుంటే లేదు. చాలా ఊళ్ళలో భూమిలోంచి వచ్చే నీళ్ళలోనూ ఫ్లోరైడు. కాబట్టి చదువుకున్నవాడు హైదరాబాదుకో బెంగుళూరుకో పోతాడు, చదువు సాగనివాడు చెన్నైకో కువైట్‌కో పోతాడు. ఊరు విడవడం మా వైపు వింత కాదు. అసలిది మనుషులతో మొదలైంది కూడా కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి, 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల చేతుల్లోంచి గెలుచుకున్నాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాజధానికి తీసుకుపోయాడు. హంపిలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. దెబ్బతిన్న ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి బయల్దేరి, పెద్ద ఊళ్ళో కొన్నాళ్ళు వెలిగి, చివరికి మద్రాసులో స్థిరపడ్డవాళ్ళు మావైపు బోలెడంతమంది. ఆ వరసలో మొదటివాడు ఆ కృష్ణుడే అనుకోవాలి.

అయితే పోయి స్థిరపడేవాళ్ళు వేరు, ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవాళ్ళు వేరు. మెట్టలో ఈ రెండోరకం గొర్రెల కాపర్లు. నెల్లూరు గొర్రె మన దేశంలోకెల్లా ఎత్తయిన జాతి. ఒంటిమీద ఉన్ని ఉండదు, కొత్తవాళ్ళు చూసి మేకనుకుంటారు. తెల్లటి ఒళ్ళు, మూతికీ కళ్ళచుట్టూ నలుపు ఉంటే జోడిపి, ఒళ్ళంతా తెలుపైతే పల్ల, ఎరుపైతే దొర. వేసవి ముదిరి మెట్టలో గడ్డి మాడేసరికి డెల్టాలో వరికోతలు అయిపోతాయి. మందలు తూర్పుకు దిగుతాయి. పగలు కోసిన మళ్ళలో మేపుకుంటారు. రాత్రికి ఎవరో ఒక రైతు పొలంలో వల చుట్టి మంద కడతారు. తెల్లవారేసరికి ఆ మడి నిండా పెంటికలు. అంతకుమించిన ఎరువు లేదని పాత రైతులు ఇప్పటికీ చెబుతారు. రైతు వడ్లో డబ్బో ఇస్తాడు. మర్నాడు పక్క మడి, ఆ మర్నాడు పక్క ఊరు. వానలు పడి మెట్టలో పచ్చిక లేచేసరికి మందలు మళ్ళీ పడమటి దారి పడతాయి.

ఆత్మకూరు పక్కన ఒక పల్లెలో నాకు తెలిసిన కాపరి ఉన్నాడు, వయసు మళ్ళినవాడు. కోవూరు వైపు ఒక రైతుతో ఆయనకు తండ్రులనాటి నుంచీ స్నేహం. ఏటా కొన్ని రాత్రులు ఆ రైతు పొలంలోనే పడక, ఆ ఇంట్లోనే సంగటి. తిరిగిపోయే రోజు మీరు ఏం చెప్పుకుంటారని అడిగాను. "చెప్పుకునేదేముండాది అబ్బయా. నడవలేని గొర్రెను ఆయన కాడ ఇడిచిపెట్టొస్తా," అన్నాడు. ప్రతి మందలోనూ ఈనడానికి సిద్ధంగా ఉన్నదో, కాలు దెబ్బతిన్నదో ఒకటి ఉంటుంది. దాన్ని అంతదూరం నడిపిస్తే దారిలోనే పోతుంది. రైతు పశువుల కొట్టంలో కట్టేసి వస్తాడు. మళ్ళీ ఏడు పోయేసరికి అది పిల్లలతో ఉంటుంది. పిల్లల్లో సగం రైతువి. ఆ రైతును కూడా ఒకసారి కలిశాను. మిత్రుణ్ణి పొగుడుతాడేమో అనుకున్నాను. "పోతా పోతా నాకొక పని అంటగట్టి పోతాడు సార్ ఆ మనిషి. ఏడాదంతా ఆ గొర్రెకు మేతేస్తా ఆయన్ను తిట్టుకుంటా ఉంటా," అన్నాడు.

నా ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఈ తిట్టే. ఏడాదంతా తిట్టుకోవడానికి వీలుగా ఒక పని వదిలి వచ్చినవాణ్ణి మర్చిపోవడం కష్టం.

ఇందులో ఏదో పాతకాలపు మంచితనం ఉందని నేను చెప్పబోవడం లేదు. మంద పచ్చటి పైరులో పడితే అదే రైతులు కర్రలు తీస్తారు, పంచాయితీ పెడతారు. పైగా కాలం మారింది. కోవూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు వరి మళ్ళెన్నో రొయ్యల గుంటలయ్యాయి. రొయ్యల గుంటకు గొర్రె పెంటికతో పనేముంది? అట్లా గుంటలు తవ్వించిన పాత స్నేహితుల ఇళ్ళ ముందు కూడా మా కాపరి ఆగుతాడు. మజ్జిగ తాగుతాడు, పిల్లల పెళ్ళిళ్ళ గురించి అడుగుతాడు. పడక మాత్రం వేరే ఊళ్ళో. పని పోయాక స్నేహం మజ్జిగ దగ్గరికి వచ్చి ఆగింది.

చదువుకున్నవాళ్ళ స్నేహానికీ ఈ లెక్క వర్తిస్తుందా అని మీరడగవచ్చు. ఏనుగుల వీరాస్వామయ్య గారి సంగతి చూడండి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న కాశీయాత్రకు బయల్దేరారు. మనదేశంలో అప్పటికింకా రైలు లేదు. పల్లకీ, బోయీలు, గుడారాలు, వెంట సుమారు వందమంది. 1831 సెప్టెంబరులో, పదిహేను నెలలు దాటాక, మళ్ళీ మద్రాసు చేరారు. తిరుగుదారిలో మన నెల్లూరు మీదుగానే పోయారు. మద్రాసులో ఆయనకు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే మిత్రుడు ఉన్నారు. అంత ప్రయాణానికి బయల్దేరే మనిషి బతికి తిరిగొస్తాడన్న భరోసా లేని రోజులవి. పిళ్ళెగారు దిగులు పడ్డారో లేదో గానీ, మిత్రుడికి ఒక పని అప్పగించారు: దారిలో చూసిందల్లా రాసి పంపాలి. అట్లా వచ్చిన రాతలన్నిటినీ జాగ్రత్త చేశారు. ఏ మజిలీలో బావినీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, పుస్తకం నిండా ఇవే సంగతులు. 1836లో వీరాస్వామయ్య గారు కాలం చేశారు. 1838లో పిళ్ళెగారు ఆ రాతలను "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చువేయించి, మిత్రుడి జీవితాన్ని కూడా అందులో చేర్చారు. తెలుగులో యాత్రాసాహిత్యం గురించి మాట్లాడే ప్రతివారూ వీరాస్వామయ్య గారి పేరు ఎత్తుతారు. ఇంటిదగ్గర కూర్చుని ఉత్తరాలు దాచినవాడి పేరు కూడా అంతే గట్టిగా చెప్పాలంటాను నేను.

ఇక కువైట్ కథ. కడప జిల్లా పేరు ఎక్కువగా వినిపిస్తుంది గానీ, ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల నుంచి కూడా పోయినవాళ్ళు తక్కువేమీ కాదు. సెలవు మీద వచ్చినవాడు తిరిగిపోయే వారం ఆ ఇల్లు పార్సిలాఫీసే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పొట్లాలు పట్టుకుని వస్తారు. మా పిల్లోడు మీ పక్క వీధిలోనే ఉండాడంట, ఇది కాస్త అందించు నాయనా అని. ఆవకాయ, కందిపొడి, అరిసెలు, టైలరు కుట్టిన జాకెట్లు, బీపీ మాత్రలు. విమానంలో పెట్టె బరువుకు లెక్క ఉంటుంది కదా, కొక్కెం కాటా ఒకటి చూరుకు కట్టి ఒక్కొక్క పొట్లం తూస్తారు. సొంత బట్టలు తీసేసి ఇతరుల ఊరగాయలు సర్దుకున్నవాళ్ళను నేను చూశాను. అక్కడికి పోయాక శుక్రవారం సెలవునాడు ఫర్వానియాలోనో జలీబ్‌లోనో గది గదికీ తిరిగి అవి పంచుతాడు. పొట్లం అందుకున్నవాడు అన్నం పెడతాడు. ఆ పూటకు అక్కడొక చిన్న ఆత్మకూరు.

ఈ మధ్య ఇందులోకి ఒక భయం వచ్చి చేరింది. ఊరగాయ సీసాలో ఏముందో తెలియక పట్టుకుపోయి, పరాయి దేశంలో జైలు పాలైనవాళ్ళ కథలు అందరికీ తెలుసు. నొప్పి మాత్రల్లోనూ అక్కడ నిషేధించినవి ఉన్నాయి. కాబట్టి ప్రతి పొట్లం విప్పి చూడాలి. కానీ స్నేహితుడి తల్లి ఇచ్చిన పొట్లం విప్పడమెట్లా? ముఖం చెల్లదు. దీనికి మావాళ్ళు ఒక మర్యాద కనిపెట్టారు. పొట్లం తెచ్చినవాళ్ళు అడగకముందే తామే విప్పి, మూతతీసి, చెంచాతో అడుగుదాకా కలిపి చూపించి, వాళ్ళ ఎదురుగానే మళ్ళీ కడతారు. అనుమానం అన్న మాట ఎవరి నోటా రాదు. మనుషుల తెలివికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ నాకు తెలియదు.

అక్కడి స్నేహాల ముగింపు మాత్రం వేరుగా ఉంటుంది. ఒక గదిలో కడపవాడు, కేరళవాడు, సింహళంవాడు ఏళ్ళ తరబడి కలిసి వండుకు తింటారు. ఒకడికి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అయిపోతుంది. విమానం ఏ అర్ధరాత్రో. మిగతావాళ్ళు డ్యూటీలో ఉంటారు. పొయ్యేవాడు తన దుప్పటి, రైస్ కుక్కరు వెనక వచ్చేవాడికి వదిలి తాళం కిటికీలో పెట్టి పోతాడు. ఎయిర్‌పోర్టు దాకా వచ్చేవాడు ఉండడు.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు మనవాళ్ళు ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో గుడారాల్లో పడిగాపులు పడ్డారు. ఎయిరిండియా విమానాలు వాళ్ళను విడతలు విడతలుగా తీసుకొచ్చాయి, దాదాపు లక్షా డెబ్బై వేలమందిని. ఆ గుంపులో మా ప్రాంతంవాడొకాయన ఉన్నాడు. పక్క గుడారంలో కేరళవాడు, దారంతా కలిసి వచ్చినవాడు, నీళ్ళ ట్యాంకరు దగ్గరికి స్నానానికి పోతూ వాచీ విప్పి ఈయన చేతికిచ్చాడు. ఈలోపు ఈయన పేరు పిలిచారు. వెతకడానికి వ్యవధి లేదు, ఆ గుంపులో వెతికినా దొరకడు. ఆయనకు ఆ మనిషి పేరు తెలుసు గానీ, ఊరు తెలియదు. వాచీతో బొంబాయిలో దిగాడు. ఇప్పుడాయనకు మనవలున్నారు. ఆత్మకూరు బజారులో వాచీలు బాగుచేసే కొట్టుకు వచ్చి దానికి సెల్లు మార్పిస్తుంటాడు. తను పెట్టుకోడు. "అడిగితే ఆగిపోయిందని ఎట్టా చెప్పేది?" అంటాడు.

ఉదయగిరి చెక్క చెంచాల మాట కూడా చెప్పాలి. దుర్గం కొండ అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది లాంటి కర్రతో చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చేసే కుటుంబాలు ఊళ్ళో ఉన్నాయి, ఎక్కువగా ముస్లింలు. తరాలుగా అదే పని. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెంచా కాడ మీద ఆకులు, పూలు, జాలీ పని దారం పట్టేంత సన్నగా చెక్కుతారు. కాడ చివర గొలుసు వేలాడదీసిన చెంచా చూశాను నేను, అతుకులేదు, మొత్తం ఒకే కర్ర. ఊరు వదిలిపోయే స్నేహితుడికి ఇచ్చే కానుక మా దగ్గర ఇదే. బదిలీ అయినప్పుడు నాకూ ఇచ్చారు, శాలువాతో పాటు, నేను పూర్తిగా నమ్మలేని పొగడ్తలతో పాటు. ఆ చెంచా మా ఇంట్లో అద్దాల బీరువాలో భద్రంగా ఉంది. ఇచ్చినవాళ్ళలో సగంమంది ఇప్పుడెక్కడున్నారో చెప్పలేను. చెంచాను కూరలో వేసి తిప్పి ఉంటే, అరిగితే ఇంకొకటి పంపమని ఉత్తరమైనా రాసి ఉండేవాణ్ణి.

పోతూ పని అప్పగించే ఈ లెక్క పనిచేయని చోటు కూడా ఉంది. అనంతసాగరం మండలంలో, పెన్న వెలిగొండలను కోసుకుని బయటికొచ్చే చోట సోమశిల ఆనకట్ట ఉంది. 1970లలో పని మొదలైంది. 78 టీఎంసీల నీళ్ళు పట్టే జలాశయం. డెల్టాకు అది ప్రాణం, కాదనలేం. కానీ ఆ నీళ్ళు వెనక్కి పరుచుకున్న మేరకు కడప జిల్లా వైపు పల్లెలకు పల్లెలే మునిగిపోయాయి. ఒకడు పోతే ఇంకొకడు ఉండి సాగనంపడం మనకు తెలుసు. ఊరంతా ఒకేసారి పోతే ఎవరు ఎవరిని సాగనంపాలి? గొర్రెను కట్టేయడానికి కొట్టమే లేదు. ఉత్తరం దాచే ఇల్లే లేదు. పరిహారం చేతిలో పడ్డ రోజును బట్టి, చుట్టాలున్న దిక్కును బట్టి తలో చోటికి పోయారు. అట్లా వచ్చి ఆత్మకూరులో అద్దెకున్న పెద్దావిడ ఒకామె మా చిన్నప్పుడు మా వీధిలో ఉండేది. కొడుకుల దగ్గరికి రాకపోకలు ఉండేవి. బావికాడ కలిసి నీళ్ళు తోడిన నేస్తం మాత్రం ఏ ఊరు పోయిందో ఆమెకు చివరిదాకా తెలియలేదు. చుట్టరికం దారి వెతుక్కుంటూ వస్తుంది మే, నేస్తానికి అడ్రసు కావాల అనేది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు అడ్రసుకేం కొదవ, సెల్‌ఫోన్ ఉంది కదా అంటారు. ఉంది. పదో తరగతి బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు నాలుగైదింటిలో నన్నూ చేర్చారు. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, పండగలకు దీపాల బొమ్మలు, ఎవరైనా పోతే చేతులు జోడించిన బొమ్మలు. వాటిలో ఒక్క గ్రూపులో మాత్రం రోజూ గొడవే. వాళ్ళు చందాలు వేసుకుని తమ స్కూల్లో మంచినీళ్ళ ఆర్వో ప్లాంటు పెట్టించారు, ఫ్లోరైడు ఊరు కాబట్టి. ఫిల్టరు ఎవరు మార్చాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, బెంగుళూరు వాడు చందా ఎందుకు ఎగ్గొట్టాడు అని కొట్లాడుకుంటూనే ఉంటారు. ఆ గ్రూపు నుంచి ఇంతవరకూ ఎవరూ బయటికి పోలేదు.

ఫోనులో అప్పగించే పని ఇంకొకటి కూడా చూశాను. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. సర్వేయరు పొలానికి వచ్చినప్పుడు హక్కుదారు గట్టు మీద నిలబడి హద్దు చూపించాలి. మెట్ట ఊళ్ళలో హక్కుదారులు సగంమంది ఊళ్ళో ఉంటేగా! ఉదయగిరి దగ్గర పల్లెలో నా మిత్రుడొకడికి ఆ రోజుల్లో వేరే పనే లేకపోయింది. హైదరాబాదులో ఉన్నవాడిది, కువైట్‌లో ఉన్నవాడిది, అన్ని పొలాల గట్ల మీదా వాడే. చేతిలో ఫోను, ఫోనులో అసలు మనిషి వీడియోలో. ఒకరోజు వాడి వెంట నేనూ పోయాను. బెంగుళూరు నుంచి బాల్య స్నేహితుడు అరుస్తున్నాడు. వీళ్ళిద్దరూ మనుషులుగా కలిసి ఏళ్ళయింది.

"ఒరే, ఆ చింతచెట్టు చూపించు. అది నా గట్టు లోపలుండాదా, బయటుండాదా?"

"లోపలే ఉండాదిలే. చెట్టు నీదే."

"మరి కాయలు?"

"కాయలు నేను కోయించి అమ్మేశా. నీ హద్దు రాయి కాడ నాలుగు గంటలు ఎండలో నిలబడ్డానే, కూలి ఎవురిస్తారు?"

అవతల నుంచి బూతుతో మొదలై నవ్వుతో ఆగిన మాటొకటి వినిపించింది. ఇక్కడ అది చెప్పలేను. సర్వేయరు గారు హద్దు పాయింటు నమోదు చేసుకుని, తర్వాత పొలం ఎవరిదని అడిగారు. నా మిత్రుడు ఇంకో నంబరు నొక్కాడు.